ఎవరూ అడగని గడియారం

సింహాద్రి బన్నులు మాడ్చాడంటే అనకాపల్లిలో ఎవరూ నమ్మలేదు. పాత బస్టాండు వెనక వీధిలో ఆయన బేకరీ పెట్టి పాతికేళ్ళయింది. ఇటుకల బట్టీలో ట్రే పెట్టి, బయటికొచ్చి బల్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడుతూ, మాట మధ్యలో లేచి వెళ్ళి ట్రే తీసేవాడు. గోడ మీద గడియారం ఉండేది గానీ ఆయన దాని మొహం చూసేవాడు కాదు. ట్రేలో ప్రతి బన్నూ ఒకే రంగులో ఉండేది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ ఆ ఒక్క ఏడాదీ తప్ప ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

అందుకే ఆదివారం పూట హైమ రైలు దిగి అన్నగారింటికి వచ్చేసరికి, మేనకోడలు ఝాన్సీ నల్లగా మాడిన బన్నుల్ని సంచిలో కుమ్మరిస్తూ కనబడితే మొదట నవ్వొచ్చింది.

"ఏంటే, మీ నాన్న ఎవరితో కబుర్లలో పడ్డాడు?"

"ఎవరితోనూ లేదత్తా. బట్టీ ముందే నిలబడున్నాడు. చూస్తానే ఉన్నాడు. పొగొస్తే నేను పరిగెత్తుకొచ్చేను." ఝాన్సీ డిగ్రీ చదువుతూ కొట్టు కూడా చూసుకుంటుంది. సంచి మూతి ముడేసి గొంతు తగ్గించింది. "ఇదివరకూ ఇలగే అయింది. నీకు చెప్పొద్దన్నాడు."

లోపల సింహాద్రి పిండి బల్ల తుడుస్తున్నాడు. చెల్లెల్ని చూసి, రైల్లో సీటు దొరికిందా అని అడిగాడు. మాట స్పష్టంగా ఉంది. కుడిచెయ్యి చక్కగా ఆడుతోంది. ఆ రెండూ చూసుకుని హైమ స్తిమితపడింది. ఆ రెండింటికోసమే ఆయన చెవి వెనక చర్మం కింద ఒక బిళ్ళ ఉంది. ఆ బిళ్ళని తయారుచేసినవాళ్ళలో హైమ ఒకతె.

మనిషి మాట్లాడుతున్నాడు, చెయ్యి కదులుతోంది, బన్నులు మాడితే మాడాయి అనుకుంది. యాభై దాటిన మనిషికి పరధ్యానం రాకూడదా? మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం బండికి విశాఖపట్నం వెళ్ళిపోయింది.

*

హైమ పనిచేసే ప్రయోగశాల సముద్రం కనిపించే ఒక కొండ మీద ఉంది. పక్షవాతంతో మెదడులో తెగిపోయిన దారికి పక్కదారి వేసే చిప్పు అక్కడే పుట్టింది. కాగితాల మీద దాని పేరు సేతువు. రూపాయి బిళ్ళంత ఉంటుంది కాబట్టి పెట్టించుకున్నవాళ్ళందరూ బిళ్ళ అంటారు. మెదడులో ఒక పక్క పుట్టిన ఆలోచనని అందుకుని, పాడైపోయిన చోటు దాటించి, రెండో పక్కకి అప్పగించడం దాని పని. మొదటి మోడలు బిళ్ళ పెట్టించుకున్న ఇరవైమందిలో సింహాద్రి ఒకడు.

మొన్నమొన్నటిదాకా బిళ్ళ మోడలు మారినప్పుడల్లా ప్రోగ్రాము మళ్ళీ రాసుకోవాల్సొచ్చేది. ఏ తీగ ఎటు పోతుంది, ఏ భాగం ఎక్కడుంది అన్నదంతా ప్రోగ్రాము పొట్టలోనే కుక్కేవారు. హైమ ఏడాదిపాటు కూర్చుని దాన్ని విడదీసింది. ఇప్పుడు ప్రోగ్రాము ఒక్కటే, అన్ని మోడళ్ళకీ అదే. మోడలుకొక వర్ణన ఫైలు మాత్రం వేరుగా ఉంటుంది. ఇందులో ఫలానా భాగం ఉంది, దానికి ఫలానా గడియారం కావాలి అని అందులో రాసి ఉంటుంది.

చిప్పులో గడియారమంటే టైము చూపించేది కాదు. ఆగకుండా ఒకే లయలో కొట్టే చిన్న దెబ్బ. ఆ దెబ్బ పడినంతసేపే ఆ భాగానికి ప్రాణం. పాత ప్రోగ్రాము గడియారాలన్నిట్నీ ఒక్కసారే మేల్కొలిపి, మళ్ళీ వాటి జోలికి పోయేది కాదు. కొత్తది అలా ఊరుకోదు. హాస్టల్లో ఖాళీ గదుల లైట్లు ఆర్పుకుంటూ వెళ్ళే వార్డెను లాంటిది. బిళ్ళ మేలుకున్నాక ఒకసారి చుట్టూ చూసి, ఏ భాగమూ నాకు కావాలని అడగని గడియారాన్ని ఆర్పేస్తుంది. దానివల్ల బ్యాటరీ మరో రెండేళ్ళు ఎక్కువ వస్తుంది. బ్యాటరీ మార్చడమంటే తల కొయ్యడమే కాబట్టి అది చిన్న సంగతి కాదు.

మొదటి మోడల్లో అలా ఎవరూ అడగని గడియారం ఒకటి తేలింది. ఆ రోజుల్లో చెవికి సంబంధించిన భాగం ఒకటి పెడదామనుకుని, తర్వాత మానుకున్నారు. భాగం లేదు, దానికోసం వేసిన గడియారం మాత్రం ఉండిపోయింది. హైమ డ్రాయింగు తెచ్చుకుని చూసింది. పాత ప్రోగ్రాములో దాని ఊసు ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. ఒక్క అక్షరం లేదు. వాడని గడియారం, ఎందుకు దండగ? వర్ణన ఫైల్లో దాని పేరు రాయకుండా వదిలేసింది. టీ తాగినంతసేపు కూడా పట్టని పని. పరీక్షలన్నీ నెగ్గాయి, ఇరవైమందికీ కొత్త ప్రోగ్రాము ఎక్కింది, అందరూ చప్పట్లు కొట్టారు.

అసలు వాడని వస్తువు కనబడితే హైమ చెయ్యి ఊరుకోదు. వదిన పైడమ్మ కామెర్లతో పోయినప్పుడు, పెద్దకర్మ అయిన మర్నాడే బీరువా ఖాళీ చేసింది హైమే. చీరలు పంచిపెట్టింది. గుమ్మం పక్కనున్న చెప్పులు కూడా తీసేసింది. కళ్ళెదురుగా ఉంటే అన్నయ్య తేరుకోడని ఆమె భయం. అప్పటికి సింహాద్రికి బిళ్ళ పెట్టి ఏడాది కావస్తోంది. ఆయన ఏమీ అనలేదు. నెమ్మదినెమ్మదిగా తేరుకున్నాడు. మూడేళ్ళు తిరిగేసరికి, పైడమ్మ మొదటిసారి చేసిన కేకు ఎంత గట్టిగా ఉండేదో నవ్వుతూ చెప్పేదాకా వచ్చాడు. తను చేసిందే మంచిదయిందని హైమ అనుకుంది.

*

తర్వాతి వారంలో ఝాన్సీ ఫోన్ చేసింది. నాన్న చెయ్యి కాల్చుకున్నాడు, రమ్మంది.

హైమ వెళ్ళేసరికి సింహాద్రి కుడి అరచేతికి కట్టుతో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన టీ గ్లాసు, దాని మీద మీగడ గట్టిపడి ఉంది. ముట్టుకోలేదు.

"స్పర్శ పోయిందా అన్నయ్యా? వేడి తెలియలేదా?"

"ఎందుకు తెలీదు. ట్రే వేడిగా ఉన్నాది, గోనెగుడ్డ పల్చగున్నాది, అన్నీ తెలుస్తన్నాయి. ఇప్పుడే కదా పట్టుకున్నాను, దింపుదాంలే అనుకున్నాను." ఆయన కట్టు వంక చూసుకున్నాడు. "ఇప్పుడే, ఇప్పుడే అనుకుంటానే ఉన్నాను. ఈ పిల్ల అరిచేదాకా అదే ఇప్పుడు."

ఆయన గుమ్మం వైపు చూస్తున్నాడు.

"మీ వదిన చెప్పులు తీసీసేవు కదూ అక్కణ్ణించి."

"అది మూడేళ్ళ కిందటి మాట కదన్నయ్యా."

"మూడేళ్ళే. తేదీ అడుగు, చెప్పీగలను. లెక్క తెలుస్తన్నాదే, దూరం తెలీట్లేదు." మాట కోసం కాసేపు వెతుక్కున్నాడు. "మీ వదిన పోయిందీ, నువ్వా చెప్పులు తీసిందీ, ఈ చెయ్యి కాలిందీ, అన్నీ ఇక్కడే ఉన్నాయి నా పక్కన. ఏదీ వెనక్కి పోట్లేదు. ఏడుద్దామంటే ఏడుపూ రాదు. ఏడవడానికైనా మొదలంటూ ఉండాలి కదా. ఏదీ మొదలవ్వదు, ఏదీ అయిపోదు."

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

సింహాద్రి చెల్లెలి మొహంలోకి జాలిగా చూశాడు. "అదే తెలీట్లేదంటన్నాను కదే, హైమా."

ఆ జవాబు ఝాన్సీ చెప్పింది. "నెల దాటిందత్తా. నువ్వు బిళ్ళకి కొత్త ప్రోగ్రాము ఎక్కించేవు చూడు, ఆ వారంలోనే మొదటిసారి బన్నులు మాడేయి."

ఆ ప్రోగ్రాములో తను ఏమేం మార్చిందో హైమకి కంఠతా వచ్చు. మార్చినవన్నీ పరీక్షించింది. పరీక్షించనిది, పరీక్షించాలని కూడా తోచనిది ఒక్కటే ఉంది.

*

ప్రయోగశాలలో పాత మోడలు బిళ్ళ ఒకటి బల్ల మీద పరీక్షలకోసం ఉంటుంది. హైమ దాంట్లో పాత ప్రోగ్రాము ఎక్కించి, మెదడులోకి వెళ్ళే తీగల మీద ఒక్కొక్కదాని మీదా కొలిచే ముల్లు ఆనించుకుంటూ వచ్చింది. చివరి తీగ దగ్గర తెర మీద సన్నటి రంపం పళ్ళలాంటి గీత కనబడింది. ఎంత సన్నగా ఉందంటే, ఇదివరకు చూసినవాళ్ళు దాన్ని తెర మసక అనుకుని ఉంటారు. ఎవరూ వాడని ఆ గడియారం పక్క తీగలోకి కొద్దికొద్దిగా కారుతోంది. కొత్త ప్రోగ్రాము ఎక్కించి మళ్ళీ చూసింది. గీత చదునుగా పోయింది.

ప్రయోగశాలకి పెద్ద, డాక్టర్ రంగనాయకి. ఇరవై బిళ్ళలనీ తన చేత్తో పెట్టిన మనిషి. ఆమె వచ్చి తెర ముందు కూర్చుని, రెండు ప్రోగ్రాములూ మార్చిమార్చి పెట్టించుకుని చూసింది.

"పక్షవాతంలో మీ అన్నయ్యకి మాట, చెయ్యి పోయాయనే మనం రాసుకున్నాం," అంది చివరికి. "కాలం తెలియడం కూడా పోయిందన్నమాట. అడగలేదు, ఆయనా చెప్పలేదు. మాటే లేని మనిషి ఏం చెప్తాడు? బిళ్ళ పెట్టాక ఈ టకటక వినబడింది మెదడుకి. దాన్ని పట్టుకుని తనకో గడియారం కట్టేసుకుంది. మనం ఇవ్వలేదు. అది తీసుకుంది."

"నేను ఆర్పేశాను."

"నువ్వు ఆర్పింది ఎవరూ అడగని గడియారాన్నే. అడిగే నోరు మెదడుకి లేదు." ఆమె మాటలో కోపం లేదు. అదే హైమకి కష్టంగా తోచింది. తిట్టినా బాగుండేది.

మిగిలినవాళ్ళ సంగతేమిటని ఇద్దరూ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. పార్వతీపురంలో ఒక ముసలాయన కోడలు ఎత్తింది. మామగారు బాగున్నారండీ అంది. ఇదివరకు కొడుకు ఫోన్ చెయ్యలేదని, భోజనం ఆలస్యమైందని గంటగంటకీ విసుక్కునేవారు, ఇప్పుడు కూర్చోబెట్టినచోట కూర్చునే ఉంటున్నారు, ఒక్క మాటనరు, మీ కొత్త ప్రోగ్రాము చాలా మంచిదండీ అంది. ఆవిడ థాంక్స్ చెప్తుంటే హైమ ఫోన్ రంగనాయకి చేతికిచ్చేసి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. నెలరోజుల్లో ఇరవై ఇళ్ళ నుంచీ ఒక్క ఫిర్యాదు ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైంది. కాలం గడవనివాడికి ఎదురుచూడ్డం ఉండదు, విసుగు ఉండదు, ఫిర్యాదూ ఉండదు.

"వెలిగించేద్దాం మేడం. ఇవాళే."

"వెలిగిద్దాం. కానీ విను." రంగనాయకి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "గడియారం ఆగి మళ్ళీ నడిస్తే, మధ్యలో ఎంతసేపు ఆగిందో దానికి తెలీదు. అంతకుముందు ఎంత నడిచిందో కూడా తెలియకపోవచ్చు. బిళ్ళ పెట్టాక జరిగిన సంగతుల్ని ఆయన మెదడు ఆ దెబ్బల మీదే వెనక్కి జరుపుకుంటూ వచ్చింది. ఇప్పుడవన్నీ ముందుకొచ్చి నిలబడ్డాయని నువ్వే చెప్తున్నావు. వెలిగించిన క్షణం నుంచి మళ్ళీ నడక మొదలు. అక్కడున్నవన్నీ అప్పుడే జరిగినట్టుంటాయి."

హైమకి అర్థమైంది. అన్నయ్యకి ఈ నాలుగేళ్ళలో జరిగిన పెద్ద సంగతి ఒక్కటే.

"ఆర్పి ఉంచితే?" అంది.

"ఇలాగే ఉంటాడు. నొప్పి లేదు. ఏమీ లేదు. బట్టీ దగ్గరికి మాత్రం పోనివ్వకూడదు."

బట్టీ దగ్గరికి వెళ్ళని సింహాద్రిని హైమ ఊహించుకోబోయింది, చేతకాలేదు. వెళ్ళి తన కుర్చీలో కూర్చుని వర్ణన ఫైలు తెరిచింది. గడియారం పేరు రాసింది. కానీ పేరు ఒక్కటీ రాస్తే చాలదు. అది ఏ భాగానికి కావాలో కూడా రాయాలి, లేకపోతే వార్డెను వచ్చి మళ్ళీ లైటు ఆర్పేసి పోతాడు. డ్రాయింగులో ఉన్న భాగాలన్నిట్లోనూ అది కావలసింది ఒక్కటీ లేదు. ఖాళీ గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. వెనక నుంచి రంగనాయకి చూస్తూ ఉంది.

హైమ అక్కడ 'మనిషి' అని కొట్టింది. రంగనాయకి తీసెయ్యమనలేదు.

*

మర్నాడు పొద్దున్న బేకరీలో, బట్టీ రాజుకున్నాక పని మొదలైంది. ముందు ఒక్క ఇంట్లో పెట్టి చూద్దామని రంగనాయకి అంది, అది మన ఇంట్లోనే కానిద్దామని హైమ అంది. అన్నయ్యకి అంతా చెప్పింది. వదిన సంగతి కూడా దాచలేదు. ఆయన విని, "మొదలవుతాదంటావా?" అని మాత్రం అడిగాడు. అవుతుందంటే తల వంచి చెవి చూపించాడు.

హైమ చేతిలోని పరికరం బిళ్ళకి ఆనించి పట్టుకుంది. పచ్చదీపం వెలిగాక తీసేసింది. ఝాన్సీ బన్నుల ట్రే బట్టీలో పెట్టింది. ముగ్గురూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. రోడ్డు మీద బెల్లం లారీ ఒకటి వెళ్ళింది. కొట్టుకొచ్చిన ఒకావిడ రస్కుల ప్యాకెట్టు పట్టుకెళ్ళింది. సింహాద్రి చేతిలో టీ గ్లాసుంది. ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు. హైమ తన వాచీ వంక చూడకుండా ఉండడానికి చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

ఉన్నట్టుండి ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. లోపలికెళ్ళి, కట్టు కట్టిన చేత్తోనే తెడ్డు పట్టుకుని ట్రే బయటికి లాగాడు. అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఝాన్సీ చీకటి పోయినట్టు నవ్వి, తండ్రి భుజం మీద తల ఆనించింది. హైమకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కాస్తసేపూ అందరూ సంతోషంగానే ఉన్నారు.

సింహాద్రి ఒక బన్ను తీసి రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క కూతురికిచ్చాడు. రెండోది చేత్తో పట్టుకుని, వంటింటి వైపు అలవాటుగా తిరిగాడు. మొదటి ట్రే బన్ను రుచి చూసేది పైడమ్మ. ఆ ముక్క అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డవాడు మెల్లగా పిండి బల్ల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

మొదలైంది. ఏడుపు ఎక్కణ్ణించో తవ్వుకుని వస్తున్నట్టు వచ్చింది. మూడేళ్ళ కిందట ఆస్పత్రి వరండాలో ఆయన ఏడ్చిన ఏడుపే అది. హైమ గుర్తుపట్టింది. ఝాన్సీ కూడా గుర్తుపట్టింది. ఆ పిల్ల బన్ను ముక్క ట్రేలో పెట్టేసి తండ్రి పక్కన చతికిలబడింది.

చాలాసేపటికి సింహాద్రి మొహం తుడుచుకుని చెల్లెలి వైపు చూశాడు. ఆయన చూపులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది.

"మనిషి వెళ్ళి పూట కూడా అవ్వలేదు కదే. అప్పుడే చీరలన్నీ ఇచ్చీసేవేటే?"

హైమకి ఆ బీరువా గుర్తొచ్చింది. పాలరంగు నేత చీర ఒకటి, అంచు చిరిగిందని పాతబట్టల్లో వేసేసింది. వదిన దాన్ని పని చేసేటప్పుడు కట్టుకునేది, పిండి అంటినా కనబడదని. ఇప్పుడు అది ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

"తప్పయిపోయింది అన్నయ్యా," అంది.

"అంత తొందరేటి," అన్నాడాయన మళ్ళీ, తనలో తను అనుకుంటున్నట్టు. "ఒకటైనా ఉంచవలసింది."

హైమ లేచి వెళ్ళి కొట్టు షట్టరు దించింది. బయట ఎవరో, ఏమయిందమ్మా, కొట్టు కట్టేశారేం అని అడిగారు. ఇంట్లో బాగోలేదని చెప్పింది. వదిన పోయినప్పుడు హైమ ప్రయోగశాలలో పనుందని పెద్దకర్మ దాకా పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళిపోతూ ఉండేది. ఈసారి ఫోన్ తీసి నాలుగు రోజులు సెలవు పెట్టింది. అన్నం వండింది. ఆయన తినలేదు. కూతురి బలవంతం మీద రెండు ముద్దలు మజ్జిగతో మింగాడు. సాయంత్రం బట్టీ చల్లారిపోయిందని ఆయనే గమనించి చెప్పాడు, అంతే.

తెల్లవారాక రంగనాయకి ఫోన్ చేసింది. అప్పటికి సింహాద్రి లేచి అరుగు మీద కూర్చుని ఝాన్సీతో ఏదో మాట్లాడుతున్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు బొంగురుపోయింది. హైమ తలుపు వారగా నిలబడి ఆ మాటలు వింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"పనిచేస్తోందా?" రంగనాయకి అడిగింది. ఇంకా పంతొమ్మిది ఇళ్ళున్నాయి, అక్కడా అందరికీ ఎవరో ఒకరు పోయే ఉంటారు. ఆమె గొంతులో ఆ భయం వినబడుతూనే ఉంది.

"చేస్తోంది మేడం," అంది హైమ. "మా వదిన నిన్న పోయిందంటున్నాడు."